దిబ్బ మీద దొరికిన అర్ధచంద్ర బాణం

నేను నిధులు తవ్వే ఉద్యోగం చేశానని మా వీధి కుర్రాళ్ళలో ఒక పుకారు ఉంది. ఆదివారం ఆరాధన ముగిసి బయటికి రాగానే చుట్టూ చేరి, ఎన్ని లంకెబిందెలు దొరికాయి తాతగారూ అని అడుగుతారు. వాళ్ళను నిరాశపరచడం నాకు సరదా. నేను తవ్వినవి మేకులు నాయనా. మేకులు, గొళ్ళేలు, ఎద్దు నాడాలు, విరిగిన గరిటెలు. జనం పారేసుకున్న ఇనుమును మళ్ళీ ఏరడానికి ప్రభుత్వం నన్ను కొన్నేళ్ళు పోషించింది. ఆ ఇనుములో ఒక్క ముక్క గురించి మాత్రం మీకు చెప్పవలసి ఉంది. అది గొప్ప ముక్క అని కాదు. దాని ముందు మేము చదువుకున్నవాళ్ళం, భక్తిపరులం అందరం ఎంత చిన్నబోయామో చెప్పాలని.

సైన్యంలో నా పని మందుపాతరలు వెతకడం. యాభైల చివర్లో ఇంటికి వచ్చేశాను. అదే సమయంలో పాత నాణేలు, శాసనాలు, విగ్రహాలు చూసుకునే ఒక శాఖవారికి, యుద్ధపు సరుకు వేలంలో మందుపాతరలు పట్టే యంత్రం ఒకటి దొరికింది. దాన్ని ఎత్తుకుని తిరిగే మనిషి దొరకలేదు. నన్ను పట్టుకున్నారు. పొడవాటి కర్ర, దాని చివర పళ్ళెం, వీపున బ్యాటరీల పెట్టె, చెవులకు రెండు డిప్పలు. నేలలో లోహం ఉంటే చెవిలో సన్నగా కూస్తుంది. పల్లెల్లో నన్ను చూసి భూమికి డాక్టరు వచ్చాడనేవారు. కానీ ఆ డాక్టరుకు ఒకటే జబ్బు తెలుసు. బంగారానికీ ఎద్దు నాడాకీ ఆ యంత్రం ఒకేలా కూస్తుంది. తేడా చెప్పవలసింది మనిషి. చిక్కంతా ఆ మనిషి దగ్గరే వచ్చేది.

అరవైల మొదట్లో నన్ను నూజివీడు ప్రాంతానికి వేశారు. అక్కడ జనం ఎప్పుడో వదిలిపోయిన ఇళ్ళ దిబ్బల్ని పాటి అంటారు. గోడలు కరిగి, బూడిద, పేడ, పెంకులు కలిసిన ఆ మట్టి మామిడి చెట్లకు మంచి బలమని తోటల వాళ్ళు బళ్ళకెత్తి తోలుకుపోతుంటారు. అలా తవ్వుతున్నప్పుడు ఒక చెంబో, నాలుగు రాగి బిళ్ళలో బయటపడితే మా శాఖకు కబురు వచ్చేది. మా ఆఫీసరూ నేనూ వెళ్ళేవాళ్ళం. నేను వెతికి తీయాలి. ఆయన అదేమిటో చెప్పాలి.

ఆయన చాలా చదువుకున్నారు. ఆ చదువులో ఎక్కడా ఒక పొయ్యిగాని, ఒక బండిగాని, ఒక బావిగాని ఉన్నట్టు లేదు. రాజులు, యుద్ధాలు, పూజలు మాత్రమే ఉన్నాయి. అందుచేత భూమిలోంచి ఏది వచ్చినా ఆయనకు రాజుదో దేవుడిదో అయి తీరాలి. మైలవరం దగ్గర ఒక పాటిలో బండి ఇరుసుకు పెట్టే కడసీల దొరికితే బల్లెపు ములికి అన్నారు. బాపులపాడు వైపు ఒకచోట నాలుగు కొక్కేలు కలిపి కట్టిన ఇనప గుత్తి దొరికింది. దాన్ని రెండు రోజులు బల్ల మీద పెట్టుకుని చూసి, తాంత్రిక పూజా సామగ్రి అని రాశారు. నేను దాన్ని గుడ్డలో చుట్టుకుని తీసుకెళ్తుంటే, దారిలో బావి దగ్గర నిలబడ్డ ఒక ఇల్లాలు చూసింది. మా చేద బావిలో పడి రెండ్రోజులైంది, మీ పాతాళగరిగె ఒక్కసారి ఇచ్చి వెళ్ళండి బాబూ అంది. ఇచ్చాను. చేద పైకి వచ్చింది. తాంత్రిక సామగ్రి పనిచేస్తుందని ఆ రోజు ఒప్పుకున్నాను.

నా పద్ధతి వేరు. పిల్లలూ, ఇది మీకు ఏ పనిలోనైనా ఉపయోగపడుతుంది. వస్తువు ఆకారం చూడకండి, అరుగుదల చూడండి. మనిషి చెయ్యి ఎక్కడ ఆనిందో, ఏ వైపు ఒత్తిందో ఇనుము మర్చిపోదు. ఆ తర్వాత దాన్ని కమ్మరికి చూపించండి, బండివాడికి చూపించండి, పొయ్యి దగ్గర కూర్చున్న ముసలమ్మకు చూపించండి. వీళ్ళలో ఒకరు నవ్వుతారు. ఆ నవ్వినవాళ్ళకు తెలుసు. ఇలా నేను గుర్తుపట్టలేని వస్తువు లేదని పేరు తెచ్చుకున్నాను. గర్వం వెనకాలే పడిపోవడం వస్తుందని ఆదివారం బడిలో పిల్లలకు నేర్పే పని కూడా నాదే. నేర్పేవాడు వినవలసిన పనిలేదని అనుకునేవాణ్ణేమో.

అప్పుడు నేను నూజివీడులో ఒక వర్తక కుటుంబం వారి ఇంట్లో ముందు గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. క్రైస్తవుణ్ణని వాళ్ళకు తెలుసు. అభ్యంతరం చెప్పలేదు. మిలటరీలో చేశానని విని ఇంకా మర్యాదగా చూశారు. నా తాత ఏం పని చేసేవాడని వాళ్ళు అడగలేదు. నేనూ చెప్పలేదు. మాది కృష్ణకు అవతల ఒడ్డు. అంత దూరం నుంచి తాతలు నడిచి రారు కదా అనుకున్నాను.

ఇక అసలు సంగతి.

ఆగిరిపల్లికి ఇవతల ఒక ఊళ్ళో మామిడి తోటకు ఆనుకుని ఒక దిబ్బ ఉంది. ఆ ఊరి క్రైస్తవ పేట వాళ్ళు, మా తాతలు అక్కడే ఉండేవారు, కలరా వచ్చి ఖాళీ చేశారు అని చెప్పేవారు. ఇప్పుడు వాళ్ళున్నది ఊరి మురుగంతా దిగే పల్లంలో. ఏటా వానలకు ఇళ్ళలోకి నీళ్ళు వస్తాయి. అంతకు ముందటి ఏడు నానిన గోడ కూలి ఒక బాలింత చనిపోయింది. తమ పాత దిబ్బ తమకు ఇళ్ళ స్థలాలుగా ఇప్పించమని అర్జీ పెట్టుకున్నారు. జమీ రద్దయినప్పుడు చేతులు మారిన దస్త్రాల్లో అక్కడ దిబ్బ అని తప్ప ఇంకేమీ లేదు. తోట నూజివీడులో ఉండే ఒక మామిడి షావుకారుది. అక్కడ ఎప్పుడూ ఎవరూ ఉండలేదని ఆయన వాదన. దిబ్బ తనకు కావాలని కాదు. తోట పక్కన పేట ఉంటే కాయ నిలవదని ఆయన భయం.

తాసిల్దారు ముసలాయన, మాట తక్కువ మనిషి. అక్కడ ఎవరు కాపురం ఉన్నారో రుజువు దొరికితే వాళ్ళ వారసులకు పట్టాలు ఇస్తానన్నారు. అదే సమయంలో షావుకారు కూలీలు మట్టి తవ్వుతుంటే రెండు రాగి బిళ్ళలు దొరికాయి. దాంతో మా శాఖ దిగింది. మా నివేదిక వచ్చాకే తీర్పు అన్నారు తాసిల్దారు. అలా ఆ పేట మొత్తం గతి మా ఆఫీసరు చదువు మీద, నా చెవుల మీద పడింది.

పేట తరఫున మాట్లాడేవాడు సంఘపెద్ద. తెల్లటి పంచె, ఇస్త్రీ కండువా, చంకలో నల్ల అట్ట పుస్తకం. పెద్ద కొడుకు బడిపంతులు, రెండోవాడు ఆసుపత్రిలో కాంపౌండరు. ప్రార్థన మొదలుపెడితే గుడిలో పిల్లలు ఒక నిద్ర తీసి లేచేవారు. ఆయన తమ సంఘం చరిత్ర ఒకటి స్వయంగా రాసి పండుగలో చదివి వినిపించాడు. అందులో వాళ్ళ పూర్వీకులు జమీందారు సేనలో సిపాయిలు. ఏ యుద్ధం చేశారో రాయలేదు. ఎవరూ అడగలేదు. దేవుని పిల్లలమైతే చాలని వారం వారం పాడుకునే జనానికి సిపాయిల పిల్లలం కూడా కావాలని ఎందుకు అనిపించిందో మీరే ఆలోచించుకోండి.

మూడో రోజు పొద్దున, దిబ్బకు దక్షిణం వైపు, మోచేతి లోతున యంత్రం కూసింది. తవ్వి తీశాను. అరచేయంత వెడల్పు ఇనప రేకు. నెలవంక ఆకారం. వంపు వెనకాల పిడి దిగేసేందుకు చిన్న తోక. దాని పక్కనే సన్నటి దబ్బనాల్లాంటివి రెండు.

మట్టి దులపకముందే నాకు తెలిసింది. తోలు గోకే కత్తి అది. ఆ సన్నవి తోలు కుట్టే ఆరెలు. మా తాత దుంగ మీద పచ్చి తోలు పరిచి ఇలాంటి కత్తితోనే గోకుతుంటే, ఆ పొరలు ఎగిరి వచ్చి నా కాళ్ళకు అంటుకునేవి. నేను బళ్ళో చేరాక ఆ వాసన పోవాలని కాళ్ళు బూడిదతో తోముకునేవాణ్ణి. అన్నేళ్ళ తర్వాత నూజివీడు మామిడి తోట పక్కన, తలమీద ప్రభుత్వం టోపీతో నిలబడి, మళ్ళీ కాళ్ళకేసి చూసుకున్నాను.

ఆఫీసరు పరుగున వచ్చారు. చేతిలోకి తీసుకుని ఎండకు ఎత్తి పట్టుకున్నారు.

"అర్ధచంద్ర బాణం" అన్నారు, ప్రసంగంలో అన్నట్టు. "శత్రువు వింటినారి కోసేందుకు వాడేవారు. ఇక్కడ సైనిక స్థావరం ఉండి ఉండాలి."

బాణం వింటినారి కోయడం ఆయన ఎక్కడ చూశారో తెలియదు. ఏ హరికథలోనో విని ఉంటారు. పక్కనే సంఘపెద్ద ఉన్నాడు. నేను అతని ముఖం చూశాను. అతని కళ్ళు వంపు మీద ఒక్క క్షణం ఆగి, అక్కడి నుంచి పిడి ఉండవలసిన చోటికి వెళ్ళాయి. తెలియనివాడి కళ్ళు పిడిని వెతకవు. తల ఎత్తేసరికి నేను చూస్తున్నానని అతను గమనించాడు. నాకు తెలుసని అతనికి తెలిసింది. అతనికి తెలుసని నాకు తెలిసింది. ఇద్దరం ఒకేసారి మామిడి చెట్లకేసి చూశాం.

మా రిజిస్టరులో ప్రతి వస్తువుకూ ఒక వరస ఉండేది. ఎక్కడ, ఎంత లోతున, ఏ లోహం, ఏమిటి అది, గుర్తించడానికి ఆధారం ఏమిటి. చివరి రెండు గడులూ నేను నింపాక ఆఫీసరు తన అభిప్రాయం వేరే కాగితం మీద రాసేవారు. ఆ రోజు నేను "గుర్తు తెలియని వస్తువు" అని రాశాను. ఆధారం దగ్గర గీత పెట్టాను. నా రిజిస్టరులో అలాంటి గీత అదొక్కటే.

సాయంత్రం చేతులు కడుక్కుంటుంటే సంఘపెద్ద దగ్గరకు వచ్చాడు. మీరూ విశ్వాసులేనటగా, చాలా సంతోషం అన్నాడు. మా మందిరం ఒకసారి దర్శించండి అన్నాడు. కాసేపటికి అసలు మాటకు వచ్చాడు.

"మీ పుస్తకంలో ఏం రాశారండీ?"

"గుర్తు తెలియదని."

"దేవునికి స్తోత్రం" అన్నాడు.

ఒకడికి తెలియకపోయినందుకు దేవుణ్ణి స్తుతించిన మనిషిని అంతకుముందు నేను చూడలేదు. అయినా అతన్ని వెక్కిరించే హక్కు నాకెక్కడిది? అతనికి తెలియని సంగతి ఒకటి నాకు తెలుసు. అది బాణమే అయితే దిబ్బ ప్రాచీన స్థలం అవుతుంది. చుట్టూ ముళ్ళకంచె వేస్తారు, బోర్డు పెడతారు. పేటకు అందులో గజం నేల కూడా రాదు. సిపాయిల మనవలు మురుగులోనే ఉండిపోతారు. ఈ ముక్క అతనికి చెప్పడానికి నాకు నిమిషం పట్టదు. చెబితే, అది బాణం కాదని మీకెలా తెలుసండీ అని అడుగుతాడు. అందుకని చెప్పలేదు. అక్కడ బాలింత మీద గోడ పడిందని నాకు తెలుసు. తెలిసే చెప్పలేదు. ఆ రాత్రి మోకాళ్ళ మీద ప్రార్థన కూడా చేశాను. దేనికోసం చేశానో అడక్కండి.

విచారణ పది రోజుల తర్వాత, దిబ్బ దగ్గరే. కోతలు ముగిశాయి, వానలు ఇంకా రాలేదు. తోటలో కాయలు ప్యాకింగు చేసే పాక కింద బల్ల, కుర్చీలు వేశారు. షావుకారు చిన్నరసాలు బుట్టతో తెప్పించి అందరికీ పెట్టాడు. తాసిల్దారు ముట్టుకోలేదు. మా ఆఫీసరు తీసుకున్నారు. మోచేతి దాకా రసం కారుతుండగా ప్రాచీన యుద్ధతంత్రం గురించి మాట్లాడారు. పేట మగవాళ్ళు ఒక పక్క నిలబడ్డారు. ఆడవాళ్ళు దూరంగా ఎండలో కూర్చున్నారు.

నివేదిక చదివారు. అర్ధచంద్ర బాణం, సైనిక స్థావరం, అనేక వందల సంవత్సరాల ప్రాచీనత. తాసిల్దారు సంఘపెద్దను పిలిచి ఆ ఇనప ముక్క చూపించారు. ఇదేమిటో నీకు తెలుసా అని అడిగారు.

"బాణమేనండి. మా పెద్దలు సిపాయిలండి. మా సంఘ చరిత్రలో కూడా రాశామండి."

"ఎన్ని వందల ఏళ్ళ కిందటి సిపాయిలు?"

అతను మా ఆఫీసరుకేసి చూశాడు. ఆయన టెంకె చీకుతున్నారు.

"మరి కలరా మీ తాతల కాలంలో వచ్చిందన్నావు" అన్నారు తాసిల్దారు. "ఈ ముక్క పాతకాలపు రాజులదైతే, ఇక్కడ మీ తాతల ఇళ్ళున్నాయని చెప్పేందుకు నా దగ్గర ఏమీ లేదు. కంచె వేయమని రాయాలి. రాయమంటావా?"

అప్పుడు అర్థమైంది అతనికి.  షావుకారు తల పంకించి, ప్రాచీన సంపదను కాపాడుకోవాలండీ అన్నాడు. మా శాఖ దిగేవరకు ఆ ప్రాచీన సంపదను బళ్ళకెత్తి చెట్ల మొదళ్ళలో పోయించినవాడు ఆయనే.

ఆడవాళ్ళలోంచి ఒక ముసలామె లేచి వచ్చింది. సంఘపెద్ద తల్లి. పాక నీడలోకి వచ్చి బల్ల ముందు చెయ్యి చాపింది.

"ఆ ముక్క ఇటియ్యండి బాబూ."

తాసిల్దారు ఇచ్చారు. ఆమె దాన్ని చూడలేదు. తడిమింది. బొటనవేలు వెనక తోక మీదికి దానంతటదే వెళ్ళింది.

"నేను కాపరానికొచ్చింది ఈ దిబ్బ మీదికేనండి. ఇది మా మావగారి కత్తి కాకపోతే ఆయన తమ్ముడిది. తోలు గోకేది. చూడండి, ఈ కొమ్ము అరిగింది, ఆ కొమ్ము అరగలేదు. కుడిచేతివాటం వాళ్ళది ఇట్టాగే అరుగుద్ది. బాణం ఒకవైపు అరుగుద్దా అండీ?"

అరుగుదల చూడమని ఊరంతా చెప్పుకు తిరిగినవాణ్ణి నేను. ఆ మాట చెప్పింది ఆమె.

సంఘపెద్ద ముందుకు వచ్చాడు. ముఖమంతా చెమట.

"మా అమ్మకి ఈమధ్య మతి నిలకడగా లేదండి. మేం ఆ పని ఎప్పుడూ చెయ్యలేదండి."

ప్రభువును ఎరుగనని మూడుసార్లు బొంకిన శిష్యుడు కనీసం కోడి కూతకు ఏడ్చాడు. ఇతను కన్నతల్లి ముఖాన అని కండువా సర్దుకున్నాడు. ఆమె కొడుకు వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"మతి లేనిది నాకట్రా? సముద్రం ఒడ్డున తోలు పనోడి ఇంట్లో అపొస్తలుడు దిగాడని నాకు చదివి చెప్పింది నువ్వే కదా. చాలా రోజులున్నాడని చెప్పావు. ఆయనకి రాని కంపు నీకొచ్చిందా?"

పేట మగవాళ్ళలో ఒకడు నవ్వి, పక్కవాడు పొడిస్తే ఆగాడు. ఆమె మళ్ళీ తాసిల్దారు వైపు తిరిగింది. తోలు నానబెట్టే గొయ్యిని లంద అంటారు. తమ లంద ఆ వేపచెట్టుకు తూర్పున నాలుగు బారల్లో ఉండేదని, తవ్వి చూసుకోమని చెప్పింది. తాసిల్దారు తవ్వమన్నారు. షావుకారు కూలీలే తవ్వారు. నడుము లోతుకు వెళ్ళకముందే గునపం తెల్లటి సున్నపు పెచ్చుకు తగిలింది. గుండ్రటి గొయ్యి అంచు అది. అడుగున నల్లగా కుళ్ళిన తంగేడు చెక్క పొర. తోలు పదును చేసేది ఆ చెక్కతోనే.

ఆఫీసరు చేతులు తుడుచుకున్నారు. ఇల్లు కట్టుకున్నవాడెవడో సున్నం కలుపుకున్న గొయ్యి అయ్యుంటుంది అన్నారు. వస్తువు కాలమే ప్రధానం, ఒక చదువురాని ముసలమ్మ మాట మీద చరిత్ర మార్చేస్తామా అన్నారు.

"చరిత్ర మీరు చూసుకోండి. నాకు ఇళ్ళ సంగతి కావాలి" అని తాసిల్దారు నా వైపు తిరిగారు. "నేలలోంచి తీసింది నువ్వే కదా. రిజిస్టరులో గుర్తు తెలియదని ఉంది. ఇవాళ్టికీ తెలియలేదా?"

"ఏమయ్యా మిలటరీ, ఆలోచించి చెప్పు" అన్నారు మా ఆఫీసరు.

ఆలోచించాను. షావుకారు నేను అద్దెకున్న ఇంటివారికి దగ్గర చుట్టం. ఇక్కడ అన్న మాట నాకంటే ముందే నూజివీడు చేరుతుంది. సంఘపెద్ద నన్నే చూస్తున్నాడు. వద్దని బతిమాలుతున్నాడో, చెప్పమని బతిమాలుతున్నాడో తెలియలేదు. అతనికీ తెలియదనుకుంటాను. ముసలామె మాత్రం నన్ను చూడటం లేదు. నా వల్ల ఏదైనా అవుతుందని ఆమె అనుకోలేదు.

"తోలు గోకే కత్తండి" అన్నాను.

"రాయి" అన్నారు తాసిల్దారు.

పాత మాట కొట్టేసి కొత్తది రాసి సంతకం పెట్టాను. పక్కన ఆధారం అనే గడి ఉంది. అక్కడ నేను చేసిన పని చెప్పనా? "అరుగుదలను బట్టి" అని రాశాను. అబద్ధం కాదు. అబద్ధం కాని మాటల్లో ఎంత దాక్కోవచ్చో నాలాంటి భక్తిపరుణ్ణి చూసి నేర్చుకోవాలి.

ఆఫీసరు ఆ గడి చూసి తేలిగ్గా నవ్వారు. బాణానికైనా అరుగుదల ఉండవచ్చు, ఇది వట్టి ఊహ, నేను ఒప్పుకోను అన్నారు. తాసిల్దారు కలం నా చేతికి మళ్ళీ ఇచ్చారు. 

దాని కింద రాశాను: "మా తాత చర్మకారుడు. ఇలాంటి కత్తితో ఆయన పని చేస్తుండగా నేను చూశాను."

రాసింది తాసిల్దారు పైకి చదివారు. చదవనక్కరలేదు. అయినా చదివారు. అప్పుడు ముసలామె మొదటిసారి నా ముఖం చూసింది. మెచ్చుకోలేదు. "ఆ మాట అంటానికి ఇంత పొద్దెక్కాలా నాయనా" అంది.

తిరుగు ప్రయాణంలో ఆఫీసరు జీపు ముందు సీటులో ఒక్కరే కూర్చున్నారు. నేను వెనక యంత్రం పక్కన. రహస్య నివేదికలో నాకు శాస్త్రీయ దృష్టి లేదని రాశారు. అది పాతాళగరిగెను పూజించినవారి యోగ్యతాపత్రం గనుక పదిలంగా దాచుకున్నాను. మర్నాడు మా ఇంటాయన గుమ్మం బయటే నిలబడి, మేనల్లుడికి పెళ్ళి కుదిరింది, గది కావాలి, ఏమీ అనుకోకండి అన్నాడు. ఆ మేనల్లుడికి అప్పటికి ఏడేళ్ళు. నా మీద కోపం వాళ్ళకు లేదనుకుంటాను. ముందు గది కడిగించడానికి వాళ్ళకు పట్టిన పసుపునీళ్ళు చూస్తే, అది కోపం కాదు, మైల అని తెలిసింది.

కత్తి మా శాఖ గాజు బీరువాలోకి వెళ్ళింది. నా దిద్దుబాటు రిజిస్టరులో ఉంది. గాజు వెనక చీటీ మాత్రం అర్ధచంద్ర బాణం అనే ఉండేది. నేను పని మానేవరకు అలాగే ఉంది. రెండుసార్లు ఉత్తరం రాశాను. ఎవరూ జవాబివ్వలేదు. చదువుకున్నవాడు ఒకసారి బాణం అన్నాక అది ఎన్ని తోళ్ళు గోకినా బాణమే.

పట్టాలు మాత్రం వచ్చాయి. మొదటి వాన పడేలోగా ఇచ్చేశారు తాసిల్దారు. ఆ రోజు నన్ను రమ్మని పేట వాళ్ళు కబురు చేశారు. సంఘపెద్ద కృతజ్ఞతా ప్రార్థన చేశాడు. ప్రభుత్వానికి, అధికారులకు, మూసిన తలుపులు తెరిచే దేవునికి వందనాలు చెప్పాడు. తల్లి మాట రాలేదు. ప్రార్థన అయ్యాక నన్ను పక్కకు పిలిచి తన పట్టా చూపించాడు. మంజూరు చేసిన కారణం అందులో ఒక వాక్యంలో రాసి ఉంది.

"ఇక్కడ ఈ రెండు మాటలు మాత్రం మార్పించలేమాండీ? కాపురమున్నారు అంటే చాలు కదా. పిల్లల సంబంధాలు చూసుకోవాలి."

"ఆ రెండు మాటలు తీసేస్తే కింద నేల కూడా పోతుందండి" అన్నాను. అతను కాగితాన్ని మడిచి పుస్తకం మధ్యలో పెట్టుకున్నాడు. ఏ పేజీల మధ్య పెట్టాడో చూడాలనిపించింది. చూడలేదు.

ముసలామె తన పట్టా పట్టుకుని వచ్చింది. కొడుకు చదివి పెట్టలేదట. ఏం రాశారో చదవమంది. సర్వే అంకెలు, హద్దులు చదివాను. ఆ తర్వాత ఆ వాక్యం చదివాను. "పూర్వము ఇచ్చట తోలు పని చేసుకొని జీవించిన కుటుంబముల వారసులు గనుక."

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను.

"తోలు పని అనే రాశారా? మంచి పనోళ్ళు అని రాయలేదా?"

"లేదు మామ్మా. అంతే ఉంది."

ఆమె కాగితం తీసుకుని, నేను చదివిన వరస ఎక్కడుందో చూపించమంది. చూపించాను. దాని మీద ఒకసారి వేలితో తడిమింది.

"రాయకపోతే పోయె. మా మావ కుట్టిన చెప్పులు తొడిగినోళ్ళకి తెలుసు" అని బొడ్లో దోపుకుని, తన పేర ముగ్గు పోసిన స్థలంలోకి వెళ్ళి నేల మీద చతికిలబడి కూర్చుంది.